సెకండ్‌హ్యాండ్ డెక్ బోటు: స్టెర్న్ డ్రైవా, ఔట్‌బోర్డా? తిరుపతి నుంచి కుటుంబంతో తిరగడానికి ఏది మేలు

#1 చంద్రగిరికోట

అందరికీ నమస్కారం. ఇంట్లో పెద్దవాళ్ళం నలుగురం, పిల్లలు ముగ్గురు, అప్పుడప్పుడూ వచ్చే చుట్టాలు ఇద్దరు. వారాంతాల్లో నీళ్ళ మీద తిరగడానికి సెకండ్‌హ్యాండ్ డెక్ బోటు (ముక్కు దాకా వెడల్పుగా, సీట్లతో ఉండేది) చూస్తున్నాం. చెన్నై వైపు రెండు అమ్మకానికి ఉన్నాయి. వాటిని ‘ఏ’ (A), ‘బి’ (B) అంటాను.

ఏ బోటు: 2009 మోడల్, అమెరికా తయారీ. పొడవు 20 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. మెర్‌క్రూయిజర్ 4.3 వి6 కార్బురేటర్ ఇంజన్, 190 హెచ్‌పి, ఆల్ఫా వన్ స్టెర్న్ డ్రైవ్ (ఇంజన్ బోటు లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్ వెనక గోడ బయట). మీటరు మీద 410 గంటలు. ఉప్పునీటి క్రీక్‌లో తేలుతూనే ఉంది. ట్రైలర్ లేదు. అడుగుతున్నది 8.75 లక్షలు.

బి బోటు: 2016 మోడల్, 19 అడుగులు, వెడల్పు 8 అడుగులు. మెర్క్యురీ 115 హెచ్‌పి ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (మోటారు మొత్తం వెనక గోడ బయటే), 265 గంటలు. షెడ్డులో ట్రైలర్ మీద ఉంది. 13 లక్షలు.

ఇంట్లోవాళ్ళకి ఏ బోటే నచ్చింది. వెనకాల వెడల్పాటి స్విమ్ ప్లాట్‌ఫామ్, ఇంజన్ కంటికి కనపడదు, కూర్చునే చోటు ఎక్కువ. బి బోటుకి వెనక మధ్యలో మోటారు అడ్డం. ధరలో నాలుగు లక్షలు పైగా తేడా. ఎక్కువగా పులికాట్ వైపు, నీళ్ళున్నప్పుడు పిచ్చాటూరు అరణియార్ డ్యాములో తిప్పాలని ఆలోచన. లాగడానికి స్కార్పియో ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 తడ_తీరం

అన్నా, బోటు సంగతి తర్వాత. ముందు నీళ్ళ సంగతి చూడండి.

పులికాట్ సగటు లోతు మీటరు దరిదాపే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానకి కాళంగి, అరణి నీళ్ళు దిగి సరస్సు నిండుతుంది. ఎండాకాలం వస్తే ఉత్తరం వైపు మైళ్ళకొద్దీ బురద తేలి ఎండిపోతుంది. రాయదొరువు ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేసి సముద్రం నీళ్ళు సరిగ్గా లోపలికి రాకపోవడం అందులో పెద్ద కారణం.

ఇప్పుడు లెక్క చూడండి. ఏ బోటు డ్రైవ్ కిందికి దించితే మూడడుగుల దాకా నీళ్ళలో ఉంటది. బి బోటు మోటారు రెండున్నర అడుగులు. రెండింటికీ అడుగు తగిలే చోట్లు బోలెడు. తేడా ఎక్కడంటే, ఔట్‌బోర్డ్‌ని ఎత్తితే పూర్తిగా నీళ్ళ పైకి వచ్చేస్తుంది. కొంచెమే ఎత్తి, నీళ్ళు పీల్చే రంధ్రాలు మునిగి ఉండేలా చూసుకుంటే నిమ్మళంగా అడుగున్నర లోతులో కూడా బయటపడొచ్చు. స్టెర్న్ డ్రైవ్‌ని ఎంత ఎత్తినా కొంత నీళ్ళలోనే ఉంటుంది. మరీ ఎత్తిన స్థితిలో ఇంజన్ మీద జోరు పెంచితే యూ జాయింట్లు (ఇంజన్‌ని డ్రైవ్‌కి కలిపే మడత కీళ్ళు) అరుగుతాయి.

అడుగు తగలడం కంటే బురద పీల్చడం పెద్ద ముప్పు. బురద నీళ్ళు ఇంపెల్లర్ (ఇంజన్‌ని చల్లబరిచే నీటి పంపులోని చక్రం) రెక్కల్ని గీకి పారేస్తాయి. ఔట్‌బోర్డ్‌కైతే పంపు మారుస్తే సరి. ఏ బోటు 4.3లో అదే బురద నేరుగా ఇంజన్ బ్లాకులోకీ మేనిఫోల్డుల్లోకీ పోయి అడుగున పేరుకుంటుంది.

ఇంకో మాట. పులికాట్ పక్షుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా సొంత ఇంజన్ బోటు దించే ఆలోచన పెట్టుకోవద్దు. రాజహంసలు దిగే అక్టోబరు నుంచి మార్చి దాకానే నీళ్ళు కూడా ఉండేది, కాబట్టి మీకు అనుకూలమైన కాలమూ వాళ్ళు గట్టిగా చూసే కాలమూ ఒకటే. షార్ వైపు నీళ్ళలోకి పోనే వద్దు, రాకెట్ ప్రయోగం రోజుల్లో మరీను. భీమునివారిపాలెంలో టూరిజం బోట్లు తిరిగే దారి ఉంది. ముందు ఒకసారి అందులో ఎక్కి, ఎక్కడ లోతుందో, ఎక్కడ వలల గుంజలు పాతుంటారో చూసి రండి.

#3 గేర్‌ఆయిల్

ఏ బోటు గురించి నేను చెబుతాను. 410 గంటలు ఎక్కువేం కాదు, 4.3 మొండి ఇంజన్. అసలు విషయం గంటలు కాదు, ఉప్పునీళ్ళలో తేలుతూ ఉండటం.

ఈ ఇంజన్‌కి కారులా రేడియేటర్ ఉండదు. బయటి నీళ్ళే లోపల తిరిగి, ఎగ్జాస్టుతో కలిసి బయటికి పోతాయి. అలా కలిసే చోట ఉన్న ఇనుప భాగాలే మేనిఫోల్డు, దాని మీద రైజర్. ఉప్పునీటిలో వీటి ఆయుష్షు ఐదు నుంచి ఏడేళ్ళు. లోపల గోడ తినేస్తే నీళ్ళు ఎగ్జాస్టు వాల్వు మీదుగా సిలిండర్‌లోకి దిగుతాయి. మర్నాడు స్టార్ట్ చేస్తే పిస్టన్ నీళ్ళని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అంతటితో ఇంజన్ పని సరి. అమ్మేవాణ్ణి ‘రైజర్లు ఎప్పుడు మార్చారు, బిల్లు ఉందా’ అని అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క.

రెండోది బెల్లోస్. డ్రైవ్ బోటు వెనక గోడని దాటే చోట రబ్బరు తిత్తులు ఉంటాయి: యూ జాయింట్‌కి ఒకటి, ఎగ్జాస్టుకి ఒకటి, గేర్ కేబుల్‌కి చిన్నది. యూ జాయింట్ బెల్లోస్ చిరిగితే నీళ్ళు ముందు గింబల్ బేరింగ్‌ని తుప్పు పట్టిస్తాయి, ఆ తర్వాత బోటులోకి వస్తాయి. నీళ్ళలో కట్టేసి ఉంచే బోటు రాత్రికి రాత్రే మునగడానికి మామూలు కారణాల్లో ఇదొకటి. డ్రైవ్‌ని పూర్తిగా ఎత్తి, మడతల లోపల టార్చి వేసి చూడాలి. మడత లోతుల్లో పగుళ్ళుంటే కిట్ మొత్తం మార్చాల్సిందే.

మూడోది, ఆల్ఫా వన్‌లో నీటి పంపు డ్రైవ్ లోపలే ఉంటుంది. ఇంపెల్లర్ మార్చాలంటే కింది గేర్‌కేసు (ప్రొపెల్లర్ తిప్పే గేర్ల పెట్టె) విప్పాలి. తిరుపతిలో ఆ పని తెలిసినవాళ్ళని వెతుక్కోవడమే ఒక పని. చెన్నై నుంచి మనిషిని పిలిపిస్తే రానుపోనూ ఖర్చు మీదే.

ఇప్పుడు కూడిక: మేనిఫోల్డులు, రైజర్లు జత దిగుమతి ధరకి లక్ష పైమాటే. బెల్లోస్, గింబల్ బేరింగ్, ఇంపెల్లర్, కూలీ కలిపి అరవై డెబ్బై వేలు. ఇంత బరువుకి రెండు ఇరుసుల ట్రైలర్ చేయించుకుంటే రెండు లక్షలు దాటుతుంది. 8.75 లక్షల బోటు 13 దగ్గరికి వచ్చేసింది. నాలుగు లక్షల తేడా ఎక్కడుంది?

#4 అరణియార్

నన్నడిగితే రెండూ వద్దు. మా డ్యాములో నీళ్ళు వానల్ని బట్టే. ఎండల్లో ఒడ్డు నుంచి నీళ్ళ దాకా బురదలో నడవాలి. పులికాట్ సంగతి పైన తడ అన్న చెప్పాడు. 17 అడుగుల చదును అడుగు ఫైబర్ బోటు, 40 హెచ్‌పి మోటారు, మీద పందిరి. ట్రైలర్‌తో సహా ఐదారు లక్షల్లో అయిపోతుంది. అడుగు తగిలినా నలుగురు దిగి తోస్తే కదుల్తుంది. పదమూడు లక్షలు పెట్టి ఏడాదిలో నాలుగు నెలలు తిప్పే బండి ఎందుకు?

#5 చంద్రగిరికోట

అరణియార్ గారూ, మీ మాట కాదనలేను. కానీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు, చదును బోటులో చెక్క బల్ల మీద రెండు గంటలు కూర్చోలేదు. గట్టు నుంచి సమానంగా అడుగు వేసి ఎక్కేలా, వీపు ఆనించే సీటు ఉండేలా కావాలి. డెక్ బోటు వైపు చూసింది అందుకే. గాలీ కెరటమూ లేచినప్పుడు చదును అడుగు బోటు దబదబా కొడుతుందని కూడా విన్నాను.

పెట్రోలు ఖర్చు ఎవరైనా చెప్పగలరా? రెండింటి కాగితాలు చూసేటప్పుడు ఏం అడగాలి?

#6 ఎన్నూరు_యాంకర్

చదును అడుగు కొడుతుందన్నది నిజమే. మీ అవసరానికి డెక్ బోటు సరైన జాతే.

పెట్రోలు: నింపాదిగా పరుగెత్తే వేగంలో బి బోటు గంటకి 20 లీటర్ల దగ్గర, ఏ బోటు 30 దగ్గర తాగుతాయి. లీటరు 110 లెక్కన గంటకి 2,200, 3,300. పూర్తి జోరులో రెండూ ఇంచుమించు దీనికి రెట్టింపు. మీరు మెల్లగా తిరిగేవాళ్ళయితే ఈ తేడా తగ్గుతుంది.

పెట్రోలు ధర కంటే అందులోని ఇథనాల్ గురించి ఎక్కువ ఆలోచించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. బోటు ఇంజన్ల కంపెనీలు మాన్యువల్‌లో రాసేది పది శాతం దాకానే. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. ట్యాంకులో వారాల తరబడి నిలవుంటే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగుతాయి, ఇంజన్ ముందు పీల్చేది ఆ అడుగునే. 2009 బోటు రబ్బరు పైపులు, కార్బురేటర్ సీళ్ళు దీనికి త్వరగా మెత్తబడతాయి. ఏది కొన్నా 10 మైక్రాన్ల నీరు వడకట్టే ఫిల్టర్ తప్పదు. ట్యాంకు నిండా పోసి పెట్టుకోవద్దు, వెళ్ళే రోజుకి కావలసింది పోయించుకోండి.

కాగితాలు: హల్ నంబరు (బోటు ఒంటి నంబరు) వెనక గోడ మీద కుడివైపు పైన చెక్కి ఉంటుంది. అమెరికా బోటుకి 12 అక్షరాలు. మొదటి మూడూ తయారీదారు గుర్తు, చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. ఏ బోటుకి చివర 09 ఉండాలి. 06 ఉంటే మీకు చెప్పిన వయసు అబద్ధం. దిగుమతి బోటు కాబట్టి కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ చూడండి, అందులో ఇదే హల్ నంబరు, ఇంజన్ నంబరు ఉన్నాయో లేదో సరిపోల్చండి. సుంకం కట్టని బోటు కొంటే ఆ తలనొప్పి మీ మెడకి చుట్టుకుంటుంది.

2021 ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం కింద లోతట్టు నీళ్ళలో తిరిగే ఇంజన్ బోటుకి సర్వే, రిజిస్ట్రేషన్, బీమా కావాలి. 2017లో ఫెర్రీ ఘాట్, 2019లో కచ్చులూరు ప్రమాదాల తర్వాత మన రాష్ట్రంలో చూసీచూడనట్టు పోయే రోజులు పోయాయి. అరణియార్ అయితే జలవనరుల శాఖని అడగాలి. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ ఆఫీసులకి వెళ్ళి రండి.

మనుషుల లెక్క: అమెరికాలో 20 అడుగుల లోపు బోట్లకే ఎంతమంది ఎక్కాలో చెప్పే రేకు తప్పనిసరి. బి బోటుకి ఆ రేకు ఉండాలి, దాని మీదున్నదే లెక్క. ఏ బోటుకి ఉండకపోవచ్చు. రేకు లేకపోతే వాడే మోటు సూత్రం, అడుగుల్లో పొడవుని వెడల్పుతో గుణించి 15తో భాగించడం. 20.3ని 8.5తో గుణిస్తే 172, అంటే 11 మంది. అది ప్రశాంతమైన నీళ్ళకి. మీరు తొమ్మిది మంది, ఏ బోటు సరిపోతుంది. బి బోటుకి రేకు చూసి తేల్చుకోండి.

#7 పాకాల_జంక్షన్

లాగడం గురించి ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదిన్నర అడుగులంటే 2.59 మీటర్లు. మన మోటారు వాహనాల నిబంధనల్లో వెడల్పు హద్దు 2.6. ఏ బోటు సెంటీమీటరు తేడాతో బయటపడుతుంది. ట్రైలర్ చక్రాల గొడుగులు అంతకంటే బయటికొస్తే అదీ ఉండదు. బి బోటు 2.44, హాయిగా పోతుంది.

ఏ బోటు ఒక్కటే పద్నాలుగు వందల కిలోల పైన ఉంటుంది. ట్రైలర్ నాలుగైదు వందలు, 150 లీటర్ల పెట్రోలు 110 కిలోలు, బ్యాటరీ, లంగరు, సామాను. మొత్తం రెండు టన్నులు దాటేస్తుంది. స్కార్పియో లాగుతుంది, ఆగడమే కష్టం. ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకుండా ఆ బరువుతో శ్రీకాళహస్తి మీదుగా తడ దాకా తొంభై కిలోమీటర్లు పోవద్దు. ట్రైలర్‌కి విడిగా ఆర్టీఓ రిజిస్ట్రేషన్ ఉంటుంది. బి బోటు ట్రైలర్‌కి ఆ ఆర్‌సి ఉందా అని ఈరోజే అడగండి. చాలామంది బోటు కాగితాలు చూపించి ట్రైలర్ ఊసెత్తరు.

కొండీ మీద పడే బరువు మొత్తంలో ఏడు నుంచి పది శాతం ఉండాలి. తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ చూడండి, 2316 అంటే 2016లో 23వ వారం. గాట్లు బాగున్నా అంత పాతవైతే మార్చేయండి.

ఒడ్డున సిమెంటు ర్యాంపు లేకపోతే ఇసకలో స్కార్పియో కూడా దిగబడిపోతుంది. రెండు పొడవాటి ఇనుప పట్టాలు, ఒక విన్చి బండిలో ఉంచుకోండి.

#8 స్వర్ణముఖి_వంక

అందరూ కలిసి ఏ బోటుని ముంచేస్తున్నారు. దాని తరఫున నాలుగు మాటలు. 4.3కి సామాను దొరకడం ఇప్పటికీ కష్టం కాదు, జనరల్ మోటార్స్ బ్లాకు కాబట్టి లోపలి భాగాలు తెలిసిన మెకానిక్ ఎవరైనా చేస్తాడు. ఇంజన్ పెట్టె కింద ఉండటంతో చప్పుడు తక్కువ. బరువు ఎక్కువున్నందుకు కెరటం మీద నిలకడగా ఉంటుంది. పెద్దావిడకి ఆ నిలకడే ముఖ్యం. మంచినీళ్ళలో పెరిగిన 2009 స్టెర్న్ డ్రైవ్ బోటు అయితే కళ్ళు మూసుకుని కొనమనేవాణ్ణి.

#9 గేర్‌ఆయిల్

స్వర్ణముఖి గారూ, చివరి వాక్యంలో మీరే తీర్పు ఇచ్చేశారు. ఇది ఉప్పునీళ్ళలో పెరిగింది.

‘తెలిసిన మెకానిక్ ఎవరైనా చేస్తాడు’ అన్నదానికి ఒక హెచ్చరిక. బ్లాకు కారుదే కావచ్చు, చుట్టూ ఉన్న స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, కార్బురేటర్ మాత్రం బోటు రకమే ఉండాలి. అవి నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటాయి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది. కారు స్టార్టర్ చవకని పెడితే ఒక్క రవ్వ చాలు. ఏ బోటు చూడ్డానికి వెళ్తే ఇంజన్ పెట్టె తెరిచి ఇవి ముందు చూడండి. స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు, ఆ ఆవిరిని బయటికి లాగే బ్లోవర్ ఫ్యాను తిరగాలి. ఫ్యాను పనిచేయకపోతే స్టార్ట్ చేయనివ్వద్దు, మీరు బోటులో ఉండొద్దు.

#10 నీలిగట్టు

పిల్లలున్నారన్నారు కాబట్టి ఇది. డెక్ బోటుకి అందమూ ముప్పూ రెండూ ముందు భాగంలోనే ఉన్నాయి. ముక్కు వెడల్పు కాబట్టి పిల్లలూ చుట్టాలూ అందరూ అక్కడే చేరతారు. ఐదారుగురు ముందు కూర్చున్నాక వేగంగా పోతూ ఒక్కసారి జోరు తగ్గిస్తే ముక్కు కిందికి దిగుతుంది, ఎదురు కెరటం నేరుగా లోపలికి వస్తుంది. మెల్లగా పోయేటప్పుడు పెద్ద బోటు అల తగిలినా అంతే. ముందు ముగ్గురు, మిగతావాళ్ళు మధ్యలోనూ వెనకాలా. జోరు తగ్గించేటప్పుడు నిదానంగా.

మీవాళ్ళకి నచ్చిన స్విమ్ ప్లాట్‌ఫామ్: స్టెర్న్ డ్రైవ్ ఎగ్జాస్టు దాని కిందే వస్తుంది. ఇంజన్ నడుస్తుండగా పిల్లలు అక్కడ కాళ్ళు వేలాడేసి కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తారు. దానికి వాసన ఉండదు. బి బోటులో నిచ్చెన పక్కనే మోటారు ఫ్యాను (ప్రొపెల్లర్). అంటే ఏదైనా సరే, ఇంజన్ ఆపి తాళం తీశాకే నీళ్ళలోకి దిగడం. నడిపేవాళ్ళు కిల్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఇంజన్‌ని ఆపేది) ఒంటికి తగిలించుకోవాలి.

జాకెట్లు ప్రతి ఒక్కరికీ, పిల్లలకి బరువుని బట్టి వాళ్ళ సైజువి, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నవి. పట్టీ లేకపోతే నీళ్ళలో జాకెట్ పైకి పోతుంది, బిడ్డ కిందికి జారుతుంది. 2011 క్రిస్మస్ రోజు పులికాట్‌లో తమిళనాడు వైపు విహారానికి వెళ్ళిన పడవ తిరగబడి చాలామంది పోయారు. జాకెట్లు సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి.

#11 గేర్‌ఆయిల్

చూడ్డానికి వెళ్ళేముందు ఫోను చేసి ‘మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు’ అని చెప్పండి. వెళ్ళగానే బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజన్ స్టార్టింగులో ఏదో దాస్తున్నారన్నమాట.

స్టార్ట్ చేసేముందే గేర్‌కేసు కింది స్క్రూ కొంచెం వదులు చేసి గేర్ ఆయిల్ నాలుగు చుక్కలు తెల్లకాగితం మీద పట్టండి. ముందు నీళ్ళ చుక్క వచ్చినా, నూనె పాలలా తెల్లగా ఉన్నా సీలు పోయింది. ఎక్కువసార్లు కారణం ఫ్యాను వెనక చుట్టుకున్న వలదారం, అది సీలుని కోసేస్తుంది. ఏ బోటులో ఇంజన్ పక్కన డ్రైవ్ ఆయిల్ సీసా కూడా ఉంటుంది, దాని రంగు చూస్తే సగం తెలిసిపోతుంది.

తర్వాత ప్లగ్గులన్నీ తీసి వరుసగా పెట్టండి. ఒకదాని కొన తుప్పు రంగులో ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్ళు వస్తున్నాయి. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూసేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నిండుగా ఉంచి చూడాలి. అంకె ఎంతన్నది కాదు, సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి.

బి బోటు ట్రాన్సమ్ (మోటారు బిగించిన వెనక గోడ): మోటారు కింది భాగాన్ని పట్టుకుని పైకి కుదపండి, ఇంకొకరు వెనక గోడనే చూస్తుండాలి. గోడ కదిలితే లోపల ప్లైవుడ్ కుళ్ళింది. బోల్టుల చుట్టూ, మోటారు గుంట మూలల్లో వెంట్రుకంత పగుళ్ళు చూడండి. అడుగు మీద మడమతో నొక్కుతూ నడవండి, మెత్తగా తగిలిన చోట ప్లాస్టిక్ సుత్తితో తట్టండి. గట్టి చోట టకటక, కుళ్ళిన చోట మందంగా బొద్దుమంటుంది.

మోటారు కంప్యూటర్‌కి మెర్క్యురీ డయాగ్నొస్టిక్ తగిలిస్తే ఏ ఆర్‌పీఎంలో ఎన్ని గంటలు తిరిగిందో వస్తుంది. డ్యాష్‌బోర్డు మీటరు మార్చొచ్చు, దీన్ని మార్చడం అంత తేలిక కాదు. కార్బురేటర్ 4.3కి ఆ సౌకర్యం లేదు.

#12 పాకాల_జంక్షన్

ఇంకొకటి. ట్రైలర్ మీద ఉన్న బోటుని లారీలు తూచే వేబ్రిడ్జికి పట్టుకెళ్ళండి. బోటు, మోటారు, ట్రైలర్ కంపెనీ బరువులు కూడి, పెట్రోలూ సామానూ కలిపి చూడండి. తూకం అంతకంటే 150, 200 కిలోలు ఎక్కువొస్తే అడుగు లోపలి ఫోమ్ నీళ్ళు తాగి ఉంది. ఆ నీళ్ళు ఎండలో పెట్టినా పోవు, డెక్ కోసి ఫోమ్ తీయాల్సిందే. వంద రూపాయల చీటీ చెప్పే నిజం ఏ అమ్మేవాడూ చెప్పడు.

#13 చంద్రగిరికోట

రెండూ చూసి వచ్చాం. వివరాలు.

ఏ బోటు: డ్రైవ్ ఆయిల్ సీసాలో కాఫీ పాల రంగు. ఎడమవైపు రెండు ప్లగ్గుల కొనలు తుప్పు. రైజర్ల బిల్లు లేదు. బ్లోవర్ పనిచేయలేదు, అందుకే స్టార్ట్ చేయనివ్వలేదు. ధర ఏడుకి తగ్గిస్తానన్నారు.

బి బోటు: గేర్ ఆయిల్ శుభ్రం. ట్రాన్సమ్ కదల్లేదు. డయాగ్నొస్టిక్‌లో 271 గంటలు, ఎక్కువ భాగం 4,500 లోపే. వేబ్రిడ్జి 1,590 కిలోలు. కంపెనీ బరువులు బోటు మోటారుతో 1,090, ట్రైలర్ 340, పెట్రోలు 45, సామాను ఇంచుమించు 60. కంప్రెషన్ ఒకటి నుంచి నాలుగు వరసగా: 178, 180, 176, 152. నాలుగోది భయపెడుతోంది. నీళ్ళ మీద ఐదుగురితో పూర్తి జోరులో 5,250 ఆర్‌పీఎం. యానోడ్లు (మోటారు లోహం బదులు తామే కరిగే ముక్కలు) సగం పైగా కరిగాయి, జింకువట. ట్రైలర్ ఆర్‌సి ఉంది.

#14 గేర్‌ఆయిల్

ఏ బోటు ఏడుకి కాదు, నాలుగుకి ఇచ్చినా మీకు వద్దు. ఎడమ రెండు ప్లగ్గులు ఒకే వైపువి, ఆ వైపు రైజరే కారుతోంది.

బి: 180 మీద 152 అంటే పదిహేను శాతం పైన తక్కువ, అలాగే ఉంటే కొనకూడదు. కానీ అనుమానం ఉంది. వరసలో చివరిగా చూసినదే తక్కువ రావడం బ్యాటరీ నీరసపడిన లక్షణం. నిండు బ్యాటరీ పెట్టి, ఈసారి నాలుగు నుంచి ఒకటికి వెనక్కి చూడమనండి. అప్పుడూ నాలుగే తక్కువైతే ప్లగ్గు రంధ్రంలోంచి టీ చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు లేదా గాస్కెట్.

#15 ఎన్నూరు_యాంకర్

తూకం లెక్క 1,535, వచ్చింది 1,590. యాభై ఐదు కిలోల తేడా తాళ్ళకీ తడి పరుపులకీ సరిపోతుంది, పైగా లారీ కాటాల్లో పదీ ఇరవై కిలోల అటూ ఇటూ మామూలే. ఫోమ్ పొడిగానే ఉంది.

యానోడ్లు మార్చేటప్పుడు జింకు వద్దు. పులికాట్‌లో ఉప్పూ మంచీ కలిసిన నీళ్ళు, అరణియార్‌లో మంచినీళ్ళు. మంచినీళ్ళలో జింకు మీద పొర కట్టి పనిచేయడం మానేస్తుంది, అప్పుడు కరిగేది గేర్‌కేసు. అల్యూమినియం యానోడ్లు రెండు చోట్లా పనిచేస్తాయి. మెగ్నీషియం మంచినీళ్ళకి మాత్రమే, ఉప్పు తగిలితే వారాల్లో మాయం.

#16 చంద్రగిరికోట

మళ్ళీ చూశారు, కొత్త బ్యాటరీతో, నాలుగు నుంచి మొదలుపెట్టి. ఒకటి నుంచి వరసగా చెబితే 182, 184, 180, 171. ధర 12.25కి దిగారు. టైర్లు 2016వే.

#17 గేర్‌ఆయిల్

184కి 171 ఏడు శాతం. పది లోపే, తీసుకోవచ్చు. తొలి ఏడాది గడిచాక మళ్ళీ ఒకసారి చూసుకోండి, నాలుగోది ఇంకా జారుతోందా అని.

టైర్లు, హబ్ బేరింగులు, యానోడ్లు, ఇంపెల్లర్, ఫిల్టర్, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, ఇవన్నీ మీరు కొన్న వారంలోనే చేయించాల్సినవి. ఆ పట్టీ చూపించి పన్నెండు లోపు అడగండి. ఉప్పునీళ్ళలో తిప్పిన ప్రతిసారీ మంచినీళ్ళ గొట్టం తగిలించి పది పదిహేను నిమిషాలు కడగాలి. ట్రైలర్ హబ్బులు వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలోకి దించొద్దు. చల్లటి నీళ్ళు తగలగానే లోపలి గాలి ముడుచుకుని సీలు దాటి నీళ్ళని పీల్చుకుంటుంది, బేరింగులు అందుకే పోతాయి. అరగంట ఆగి దించండి.

#18 తడ_తీరం

దించే ముందు అటవీ శాఖ కాగితం చేతిలో ఉందో లేదో చూసుకోండి అన్నా. పొద్దున్నే వల గుంజల మధ్య వేగంగా పోవద్దు, వల తెగితే దాని ఖరీదు ఆ రోజే ఇచ్చి రావాలి. ఫ్యానుకి దారం చుట్టుకుంటే కోసి తీయడానికి రంపం పళ్ళ కత్తి, మారు ఫ్యాను, దాన్ని బిగించే నట్టు బోటులో ఉండాలి.

#19 ఎన్నూరు_యాంకర్

తడ అన్న ఎత్తిన మారు ఫ్యాను గురించే నేనూ చెప్పాలనుకున్నా. ఈ మోటారుకి పూర్తి జోరులో 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలి. ఐదుగురితో 5,250 వచ్చిందంటే తొమ్మిది మందితో, నిండు ట్యాంకుతో 5,000 కిందికి పడిపోవచ్చు. అలా బరువు లాగుతూ తిరగలేకపోతే మోటారు అరుగుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. ఫ్యాను మీద చెక్కిన పిచ్ అంకె (ఒక చుట్టుకి ఎన్ని అంగుళాలు ముందుకి నెడుతుందో చెప్పేది) చూడండి. 17 ఉంటే 15 తీసుకోండి. అంగుళం తగ్గితే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. పై వేగం గంటకి నాలుగైదు కిలోమీటర్లు పోతుంది, బోటు మాత్రం తొందరగా నీళ్ళ మీదికి లేస్తుంది. ఇప్పుడున్న 17ని మారు ఫ్యానుగా సీటు కింద పెట్టుకోండి.